చిన్న కారుకి ఇంత బండి

“ఈసారి ఏం విరిచారండీ?” అన్నాడు మేస్త్రి, ఎవరిదో జీపు కింద నుంచి తల బయట పెట్టకుండానే. ఆ చెప్పుల చప్పుడు అతనికి అలవాటైపోయింది.

“వెనక ఇరుసు అనుకుంటా,” అన్నాడు పెద్దాయన.

మేస్త్రి ఉసూరుమంటూ పైకి లేచాడు. నెల రోజుల్లో ఇది మూడోసారి. మొదట క్లచ్ ప్లేటు మాడి బొగ్గయింది. గట్టి ప్లేటు వేశాడు. పది రోజులు తిరక్కుండా, ఇంజను బలాన్ని వెనక చక్రాలకు మోసుకెళ్లే షాఫ్టు పుటుక్కుమంది. లావుపాటి షాఫ్టు వేశాడు. ఇప్పుడు ఇరుసు వంతు. పెద్దాయన పికప్పు బండిది రాక్షసబలం. ఒకచోట గట్టి చేస్తే ఆ బలమంతా పోయి పక్కదాని మీద పడుతుంది. సంగతి తెలిసినా, తన చేతి మీద వెళ్లిన బండి ముచ్చటగా మూడుసార్లు తాడు కట్టించుకుని తిరిగొస్తే తల కొట్టేసినట్టుంది మేస్త్రికి. పైగా రోడ్డుకి అవతల అద్దాల షోరూములోంచి అందరూ చూస్తున్నారు.

బండి అడుగున చెయ్యి పెడితే తెల్లటి బురద పెళ్లలుగా ఊడింది.

“ఈ మండుటెండల్లో మీకు బురదెక్కడ దొరికిందండీ బాబూ?”

“పల్లంలో.”

“అసలు ఏం లాగుతున్నారు? కొండనా?”

“చిన్న కారు. మా అమ్మాయిది.”

మేస్త్రి పకపకా నవ్వాడు. “చిన్న కారుకి ఇంత బండా! చీమ కోసం ఏనుగుని తోలుకెళ్లినట్టుంది. క్రేనువాణ్ణి పిలవచ్చుగా?”

“ఆ దారిలో క్రేను దిగదు. వానలు పడేలోగా అమ్మాయిని ఇంటికి తెచ్చుకోవాలి మేస్త్రీ. ఈ ఒక్కసారికీ బండి నిలబడేటట్టు చెయ్యి.”

“అమ్మాయిని తేవడానికి కారు లాగడమెందుకు? మీరు రమ్మంటే రాదా?”

“పిలిచాను. అక్కడే నిలబడి చాలాసార్లు పిలిచాను.”

“ఫోను?”

“ఎత్తదు.”

మేస్త్రికి విషయం బోధపడింది. అలిగి వెళ్లిపోయిన పిల్ల. కారుతో సహా ఈడ్చుకొచ్చి ఇంట్లో పడేద్దామనుకునే మొండి తండ్రి. ఇలాంటి మనిషికా తను బలమైన సామాను బిగించి ఇస్తున్నది!

అంతలో బల్ల మీద అతని ఫోను మోగింది. ‘చిట్టి’ అని పేరు వెలిగింది. మేస్త్రి నూనె వేలితోనే నొక్కి ఆపేశాడు.

“ఎవరు?”

“మా అమ్మాయే. ఈ చేతుల్తో పని నేర్పించానండీ. నేర్చుకుని పోయి ఆ ఎదురు షోరూములో చేరింది. వాళ్ల నీలం చొక్కా తొడుక్కుని, నా దగ్గరికి రావాల్సిన బళ్లన్నీ విప్పుతోంది. నా గడప తొక్కొద్దన్నాను. అందుకని ఫోను. రోజూ చేస్తుంది, నేనెత్తను. ఏడు నెలలైంది.”

“ఎత్తు మేస్త్రీ,” అన్నాడు పెద్దాయన.

ఆ గొంతు విని మేస్త్రి ఒక్క క్షణం తడబడ్డాడు. వెంటనే రోషం పొడుచుకొచ్చింది. “ముందు మీ సంగతి చూసుకోండి. మీరేమీ అనకుండానే వెళ్లిందా ఆ పిల్ల?”

“అన్నాను. కారు తాళాలు మొహాన విసిరి, పోతే పో అన్నాను.” పెద్దాయన విరిగిన ఇరుసు ముక్కను చేత్తో తడుముతూ ఉండిపోయాడు. “అందుకే, తెచ్చుకోవాల్సింది కూడా నేనే.”

మేస్త్రి పానా అందుకున్నాడు. రెండు రోజులు ఆ బండి కిందే పడుకున్నాడు. లావు ఇరుసులు వేశాడు. పరుగు తగ్గి లాగుడు పెరిగేలా పళ్లచక్రాలు మార్చాడు. బురదలో ఒక చక్రం ఒట్టినే తిరగకుండా, వెనక రెండూ ఒక్కటిగా కదిలేలా లాకు పెట్టాడు. ప్రతి బోల్టూ తనే బిగించి, దాని మీద తెల్లరంగుతో గీత గీశాడు.

“ఈసారి నేనూ వస్తాను. విరిగితే నా కళ్లముందే విరగాలి,” అన్నాడు. మనసులో మాట వేరు. ఆ పిల్లని బలవంతంగా ఈడిస్తే మాత్రం ఊరుకునేది లేదు.

బండి ఎక్కగానే పెద్దాయన, “బెల్టు,” అన్నాడు.

“నాకలవాటు లేదండీ.”

“పెట్టుకో. అది పెట్టుకోందే బండి కదిలించకూడదని మా అమ్మాయికి నేర్పాను. ఒక్కనాడూ మరవలేదు.”

“అయితే మాట వినే పిల్లేనన్నమాట.”

“ఆ ఒక్క మాట వినకపోయినా బాగుండేది.”

మేస్త్రికి అర్థం కాలేదు. బెల్టు లాక్కుని పెట్టుకున్నాడు.

మలుపుల దారి దిగి, పాత రాళ్లగని అడుగున బండి ఆగింది. ఇల్లు లేదు, వాకిలి లేదు. మధ్యలో ఆకుపచ్చటి నీళ్లు, చుట్టూ తెల్లటి బురద. ఒడ్డున ఇనపతాడు. దాని ఒక కొన అప్పటికే నీళ్లలోకి పోయి ఉంది. పెద్దాయన దిగి, రెండో కొన బండి కొక్కేనికి తగిలించి వచ్చి కూర్చున్నాడు.

“ఎండలకి నీళ్లు తగ్గితే పోయిన నెల కారు పైకప్పు కనబడింది,” అన్నాడు.

మేస్త్రికి ఒళ్లు మండింది. మునిగిపోయిన తుక్కు కారు కోసమా మూడుసార్లు బండి విరగ్గొట్టుకున్నాడీయన! జేబులో ఫోను మోగింది. చిట్టి. అలవాటు కొద్దీ నొక్కేశాడు.

“కారు సరేనండీ. అమ్మాయిని తేవాలన్నారుగా, మరి అమ్మాయేది?”

“ఆ కారులోనే,” అన్నాడు పెద్దాయన, బెల్టు పెట్టుకుంటూ.