పసుపు మరక

ఇప్పుడు ప్రతి వంటింట్లోనూ మిక్సీ పక్కన ఒక తుడుపుపెట్టె ఉంటోంది. పాత ఫొటో ఏది లోపల పెట్టినా కొత్తదై బయటికొస్తుంది. చిరుగు అతుక్కుంటుంది, చెరిగిన మొహం తిరిగొస్తుంది, ఆ పైన ఇక ఏ మరకా అంటదు. గోడమీద మరకల ఫొటో ఉంటే ఇరుగుపొరుగు నవ్వే రోజులివి.

అమ్మ సంవత్సరీకానికి ఇల్లు సర్దుతూ బంటి ఫొటోని లాస్య పెట్టెలో పెట్టింది. బంటి ఆమె పుట్టకముందే జ్వరంతో పోయిన అన్న. ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ ఫొటోలో మొహం ఉండాల్సిన చోట ఆమె చూసింది ఒక పచ్చటి మరకనే.

పెట్టెలోంచి బుగ్గన సొట్టతో నవ్వుతున్న పిల్లాడు వచ్చాడు. లాస్య పరుగున వెళ్ళి తండ్రి చేతికిచ్చింది.

"చూడు నాన్నా, అన్నయ్య ఎంత ముద్దుగా ఉన్నాడో!"

ప్రదీప్ చాలాసేపు చూశాడు. "వాడేనమ్మా. మరి మీ అమ్మ ఏదీ?"

"ఇందులో అమ్మ లేదు కదా నాన్నా."

"ఎందుకు లేదూ? గడపకి పసుపు రాసినప్పుడల్లా ఆ చేత్తోనే వీడి బుగ్గ నిమిరేది. నిమిరి నిమిరి మొహమే అరగదీసింది. ఆ మరక మీ అమ్మదే."

లాస్య వంటింట్లోకి వెళ్ళింది. పసుపు డబ్బా తెచ్చి, వేలు తడిపి అద్దుకుని, బంటి బుగ్గమీద మెల్లగా రాసింది.

ప్రదీప్ ఫొటోని కాస్త వంచి చూడబోయాడు. పసుపంతా జారి అతని లుంగీ మీద పడి, అక్కడ మరకైంది.