భుజం మీద చెయ్యి

“ఆ చెయ్యి తప్పమ్మా.”

దుర్గాశ్రీ వెనక్కి తిరిగి చూసింది.

యాభై దాటిన మనిషి. ముతక చీర, గోళ్ళలో మట్టి. పొద్దున హాలు తలుపులు తీసినప్పటి నుంచీ ఆ ఒక్క బొమ్మ ముందే నిలబడి ఉంది.

రాజమండ్రిలో దుర్గాశ్రీ తను గీసిన బొమ్మల ప్రదర్శన పెట్టడం అదే మొదలు. ఇరవై బొమ్మలున్నా, జనం ఆగి గుసగుసలాడుతున్నది ఆ ఒక్కదాని దగ్గరే. స్నానాలగదిలో పీట మీద, పక్షవాతంతో చిక్కి సగమైన మగమనిషి. మొలకి తడిగుడ్డ. ఆయన భుజం పట్టుకుని నీళ్ళు పోస్తున్న భార్య.

ఆయన దుర్గాశ్రీ తండ్రి. పోయి ఏడాదైంది. నీళ్ళు పోస్తున్నావిడ తల్లి, రత్నమాణిక్యం.

“తప్పేంటండీ?” అంది దుర్గాశ్రీ.

“అలా భుజం పట్టుకుంటే మనిషి పక్కకి జారిపోతాడమ్మా. చంక కిందనుంచి చెయ్యేసి, వీపు మన గుండెకి ఆనించుకోవాలి. అప్పుడే భయపడకుండా కూర్చుంటాడు.”

దుర్గాశ్రీకి ఒళ్ళు మండింది. నిన్నటి నుంచీ వచ్చినవాళ్ళంతా చెప్పేవాళ్ళే. ఒకరు సిగ్గు లేదంటారు, ఒకరు పాపం తగులుతుందంటారు. ఇప్పుడు ఈవిడ!

“మా అమ్మ రెండేళ్ళు ఇలాగే పట్టుకుని పోసిందండీ.”

“నువ్వు చూశావా అమ్మా?”

మెత్తగానే అడిగింది. కానీ తగలకూడని చోట తగిలింది.

చూడలేదు. సత్యప్రసాద్‌ని పెళ్ళి చేసుకున్న రోజే, ఈ జన్మకి నా గుమ్మం తొక్కద్దన్నాడు తండ్రి. ఆయన మంచాన పడ్డాడని తెలిశాక, ఇప్పుడైనా పిలుస్తారేమోనని రెండేళ్ళు వైజాగ్‌లో కూర్చుని ఎదురుచూసింది. ఎవరూ పిలవలేదు. పోయాకే వెళ్ళింది. “అన్నీ మీ అమ్మే చేసింది, మహాతల్లి!” అని చుట్టాలు చెబితే విని, ఏడ్చి, ఈ బొమ్మ గీసింది. ఆయన బతికుండగా తనని రానివ్వని ఆ ఇంట్లోకి దుర్గాశ్రీ వెళ్ళగలిగింది దీనితోనే. దీన్ని తప్పంటే ఎలా ఊరుకుంటుంది?

“అవన్నీ మీకెందుకండీ? చూసింది చాలు, ఇక వెళ్ళండి.”

ఆవిడ తల వంచుకుని బయటికి నడిచింది.

ఆవిణ్ణి తప్పించుకుంటూ అశోక్ లోపలికొచ్చాడు. దుర్గాశ్రీ బాబాయి కొడుకు. భీమవరంలో రొయ్యల చెరువులున్నాయి. బొమ్మ దించమని నిన్నటి నుంచీ ఒకటే గోల.

“కూలిమనిషికి కూడా నచ్చలేదు కదే నీ బొమ్మ! పెదనాన్నగారిని గుడ్డ లేకుండా ఊరందరి ముందూ కూర్చోబెట్టావు. దించెయ్ దుర్గా.”

“గుడ్డ ఉంది, సరిగ్గా చూడు. దించను.”

“మన ఇళ్ళల్లో గుట్టు అనేది ఒకటి ఉంటుంది.”

“మన ఇళ్ళల్లో ఎవరికీ కాళ్ళూ చేతులూ పడిపోవా? ఎవరూ ఎవరికీ ఒళ్ళు కడగరా? నాన్న మీసం తిప్పుతున్న ఫొటో మీ హాల్లో పెట్టుకోండి, నేను కాదన్నానా? నాకు ఈ నాన్నే కావాలి. అంత చేతనైతే నన్ను పక్కకి లాగి దించు.”

“నేనెందుకు? పెద్దమ్మగారే దింపిస్తారు. కార్లో తీసుకొచ్చాను.”

రత్నమాణిక్యం అప్పటికే మెట్లెక్కి వస్తోంది. బొమ్మకేసి చూడకుండా నేరుగా కూతురి దగ్గరికొచ్చింది.

“మెట్ల మీద నాకు ఎదురైంది. కళ్ళు తుడుచుకుంటోంది. ఆవిణ్ణి ఏమన్నావే?”

“ఎవర్నమ్మా? చెయ్యి తప్పన్నావిడనా? వెళ్ళిపొమ్మన్నాను.”

రత్నమాణిక్యం అప్పుడు చూసింది బొమ్మని. చాలాసేపు చూసింది.

“మీరే చెప్పండి పెద్దమ్మగారూ,” అన్నాడు అశోక్.

“దించడానికి వీల్లేదు.”

రత్నమాణిక్యం కూతురి వైపు తిరిగింది.

“కానీ దుర్గా, అందులోంచి నా మొహం తీసెయ్యి. మీ నాన్నగారికి నేను ఒక్కరోజు కూడా నీళ్ళు పొయ్యలేదు.”

“అమ్మా!”

“ఆ వాసనకి కడుపులో తిప్పేదే. ఆయన్నలా చూస్తే భయమేసేది. తలుపు పట్టుకుని ఏడ్చేదాన్ని. పోసింది ఆవిడ. రమ్మని మేమెవరమూ పిలవలేదు. ఎవరో చెబితే విని వచ్చేసింది. మొదటి వారమంతా ఆయన మొహం గోడవైపు తిప్పుకున్నారు. ఆవిడ వెళ్ళి ఆ గోడవైపే కూర్చుంది. తర్వాత్తర్వాత ఆవిడ తినిపిస్తేనే తినేవారు. చుట్టాలు నన్ను మెచ్చుకుంటుంటే, కాదనే ధైర్యం లేక ఊరుకున్నాను.”

“పెద్దమ్మగారూ, నలుగురూ వింటున్నారు.”

“విననీ! ఆ రెండేళ్ళలో నువ్వు ఎన్నిసార్లొచ్చావు అబ్బాయ్?”

అశోక్ సెల్‌ఫోన్‌లోకి చూస్తూ పక్కకి జరిగాడు.

దుర్గాశ్రీ చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు మీదికి పరిగెత్తింది. ఆటోలు, సైకిళ్ళు, జనం. మలుపు దాకా వెళ్ళి చూసింది. ఆవిడ లేదు. రొప్పుతూ తిరిగొచ్చింది. సిగ్గుతో తల కొట్టేసినట్టుంది.

“ఎక్కడుంటారమ్మా ఆవిడ? ఇప్పుడే వెళ్దాం.”

“కడియంలో నర్సరీలో మొక్కల సంచుల్లోకి మట్టి నింపుతుంది. అక్కడ వందల నర్సరీలు, అందులో ఏదో ఎన్నిసార్లడిగినా చెప్పలేదు. మీ నాన్నగారు పోయిన రోజు చుట్టాలు దిగకముందే వెళ్ళిపోయింది. మళ్ళీ ఇవాళే చూడ్డం. ఇక మనకి దొరకదే.”

“అంత చేసిన ఆయాని చివరిచూపుకి కూడా ఉండనివ్వలేదా మీరు?”

రత్నమాణిక్యం కూతురి మొహంలోకి చూసింది.

“ఆయా ఏంటే పిచ్చిదానా! నీలాగే నచ్చినవాణ్ణి చేసుకుందని మీ నాన్నగారు ముప్ఫై ఐదేళ్ళ కిందట ఇంట్లోంచి గెంటేసిన సొంత చెల్లెలు, నీ మేనత్త పాపాయి.”