మూడు కిలోవాట్ల ఇల్లు

మా ఊళ్ళో మొట్టమొదటి గేమింగ్ కంప్యూటరుకు విడిభాగాలన్నీ దగ్గరుండి ఏరింది నేనే. నమ్మకపోతే షాపులో కాతియాను అడగండి.

"ఏడు వందల యాభై వాట్లా? వద్దు తల్లీ, చిన్నది చూపించు," అన్నాడు మా పక్కింటి ఎల్వియో, పవర్ సప్లై డబ్బాను కౌంటరు మీద వెనక్కి నెడుతూ.

"బాబాయ్, డబ్బా మీద అంకె అది తినే కరెంటు కాదు, మోయగలిగే బరువు. అవసరమైనంతే లాగుతుంది," అంది కాతియా.

"అయితే ఇంత పెద్దదెందుకు?"

"పెద్ద గ్రాఫిక్స్ కార్డు పెట్టుకోవడానికి."

"ఆ కార్డు తింటుందా?"

"అది మాత్రం బాగానే తింటుంది," ఒప్పుకుంది కాతియా.

"చూశావా! మాది మూడు కిలోవాట్ల ఇల్లమ్మా. ఓవెన్ పెడితే వాషింగ్ మెషిన్ ఆపుతాం. నేను నీళ్ళు కాచుకుంటుంటే మీ పిన్ని తల ఆరబెట్టుకోదు. కాస్త మించితే చాలు, మీటరు టప్పుమని పడి ఇల్లంతటికీ కరెంటు పోతుంది."

"పడితే మళ్ళీ లేపుకుంటాం. ఇటలీలో మీటరు పడని ఇల్లేది బాబాయ్?"

"మా ఇంట్లో పడకూడదు. ఒకటి రాత్రీ పగలూ నడుస్తూ ఉండాలి."

"ఏమిటది?"

"నడవాలి. అంతే."

"పోనీ, కిలోవాట్లు పెంచమని కరెంటు కంపెనీకి రాయండి."

"అడిగాను. పాత వైర్లట. గోడలు తవ్వాలి, రెండు రోజులు కరెంటు తీసేయాలి అన్నారు. రెండు రోజులు అది ఆగితే ఎలా?"

ఆ నడిచేది ఏమిటో ఎల్వియో చెప్పడు కానీ నేను చెబుతాను. సారా బట్టీ. ద్రాక్ష పిప్పితో గ్రాప్పా కాస్తున్నారు ఇంట్లో. చట్టం ఒప్పుకోదు కాబట్టి నోరు విప్పడు. వాళ్ళ గోడ పక్కనే నా పడక. తెల్లవార్లూ గుర్రుమంటూ చప్పుడు నాకు వినపడుతూనే ఉంటుంది.

చివరికి చిన్న కార్డు, దానికి తగిన చిన్న పవర్ సప్లై తీసుకున్నాడు. కాతియా కార్డు పొడవు కొలిచి పెట్టెలో పడుతుందో లేదో చూసింది. ప్రాసెసరు మదర్‌బోర్డులో కూర్చుంటుందో లేదో చూసింది. నేను ఏరింది ర్యామ్ ఒక్కటే. అదీ పాత రకం, దాని గాడి ఒకచోట ఉంటే బోర్డు మీద పన్ను ఇంకోచోట ఉంది. కాతియా నవ్వుతూ వెనక్కి పెట్టేసింది. సరే, ఏరింది నేను కాదు. కుర్చీలో కూర్చుని బిస్కెట్లు తిన్నాను.

కంప్యూటరు ఎందుకంటే, లారీ ఆట కోసం. ఎల్వియో బతుకంతా లారీ తోలాడు. చూపు మందగించిందని లైసెన్సు తీసేసుకున్నారు. ఇల్లాలు ఒనేలియా ఒక్కసారి కూడా ఆ లారీ ఎక్కలేదు, కంపెనీ ఒప్పుకోదు. పోర్చుగల్ దాకా పోయి అక్కడి నుంచి ఫోను చేసేవాడు: "ఇప్పుడు సముద్రం పక్కన ఉన్నానే." ఆ సముద్రం చూడాలన్నది ఆమె కోరిక. చూపించి తీరాలన్నది ఇతని పంతం.

కంప్యూటరు బిగించిన రోజు వాళ్ళింటికి నేనూ వెళ్ళాను. ఓ మూల గుర్రుమనే పెట్టె, దాని నుంచి నేల మీదుగా సన్నటి గొట్టం. ఒక కొస పెట్టెలో ఉంది. రెండో కొస సీసాలోకి అని నేనంటాను.

"తొక్కకయ్యా మహానుభావా, సరుకు... ఆగిపోతుంది!" అంది ఒనేలియా, కుర్చీలోంచి కదలకుండానే.

"రుచి చూపించవా వదినా?"

"నీలాంటి తాగుబోతుకా? నాకే... చాలడం లేదు."

బుగ్గలు ఎర్రబడి ఉన్నాయి. రెండు మాటలకొకసారి ఆగి నవ్వుతోంది. సరుకు ఘాటైనదే అనుకోండి.

ఎల్వియో స్టీరింగు పట్టుకున్నాడు. లారీ స్పెయిన్ దాటి పోర్చుగల్‌లో దిగింది. చెట్లు చీపుళ్ళలా నిలబడి ఉన్నాయి.

"అదిగో సముద్రం," అన్నాడు.

ఒనేలియా కళ్ళు చికిలించి చూసింది. "ఇదేనా? నీలం దుప్పటి... ఆరేసినట్టుంది."

"చిన్న కార్డు కదే. పెద్దదైతే అలలు కదులుతాయట."

"మరి తేలేకపోయావా... పిసినారి?"

"తెస్తే మీటరు పడుతుంది."

ఆమె మూలనున్న పెట్టె వైపు చూసింది. "సర్లే. అలలు... నువ్వు నోటితో చెప్పు."

లారీని పక్కకు ఆపి, ఎల్వియో పెదాలు సున్నాలా చుట్టి "హుష్‌ష్... హుష్‌ష్..." అన్నాడు. ఆమె కళ్ళు మూసుకుని విన్నది. నేను చెప్పకుండా వచ్చేశాను.

ద్రాక్ష తీగలు చిగురు వేసే రోజుల్లో ఎల్వియో మళ్ళీ షాపుకొచ్చాడు. నేను అక్కడే ఉన్నాను, బిస్కెట్ల కోసం.

"ఆ పెద్ద పవర్ సప్లై ఇవ్వమ్మా. అలలు కదిలే కార్డు కూడా."

"అమ్మయ్య! ఒనేలియా పిన్ని గెలిచిందన్నమాట!"

"అవును. ఆమే గెలిచింది."

"మరి మీటరు పడదా బాబాయ్?"

"పడదు. ఆ పెట్టె ఆపేశాం. వచ్చి పట్టుకెళ్ళిపోయారు." డబ్బా మీది అంకెను వేలితో తడుముతూ అన్నాడు: "ఇప్పుడు ఇంట్లో కరెంటు మిగులుతోంది."

పోలీసులకు వాసన తగిలిందేమో అనుకుంటున్నారు కదూ. మొదట చెప్పుకున్న గొప్ప ఎలాగూ కూలింది కాబట్టి ఇదీ ఒప్పేసుకుంటాను. అది పోగా ఈ కథలో నేను కల్పించింది సారా బట్టీ ఒక్కటే.

ఆ గొట్టం రెండో కొస ఆఖరి ఊపిరి దాకా ఒనేలియా ముక్కుకు ఉండేది.