నాన్న మొసలి

"ముందు నాన్న మొసలి!" అంది బుడంకాయ, చెంచా తండ్రి నోటి దగ్గరికి తోస్తూ.

చెంచాలో ఉడికిన బీన్స్ ముక్కలు మూడున్నాయి. ఆ మూడింటినీ చూసేసరికి కళ్ళజోళ్ళ షాపు నడిపే ఆ తండ్రి ముఖం ముడుచుకుపోయింది. నలభై రెండేళ్ళొచ్చాయి, తెలిసి తెలిసి ఒక్క కూరగాయ ముక్క నోట పెట్టిన పాపాన పోలేదాయన. ఒక్క బంగాళాదుంపకే మినహాయింపు, అదీ నూనెలో ఈదులాడి వస్తేనే.

"నేను చదువుతాను, నువ్వు తిను. సరేనా?" అన్నాడు ఒళ్ళోని బొమ్మల పుస్తకం చూపించి.

"ఊహూఁ. పుస్తకంలో ఎలా ఉంటే అలాగే." ఐదేళ్ళ బుడంకాయ బుంగమూతి పెట్టింది.

పుస్తకంలో పేజీ పేజీకీ ఒకటే తంతు. ముందు నాన్న మొసలి ఒక ముద్ద తినాలి, ఆ తర్వాతే పిల్ల మొసలి నోరు తెరుస్తుంది. మొత్తం పద్నాలుగు పేజీలు. రాసినవాడు ఎదురుపడితే రెండు మాటలు అడగాలనిపించిందాయనకి. ఆ పుస్తకం తెచ్చిపెట్టింది ఇంటావిడే, పిల్లల లైబ్రరీలో ఆవిడ ఉద్యోగం.

ఇంకో రోజైతే కుర్చీ వెనక్కి నెట్టి లేచిపోయేవాడే. కానీ పొద్దున డాక్టరమ్మ అన్న మాట ఇంకా చెవుల్లోనే ఉంది.

ముగ్గురూ రక్తపరీక్షలు చేయించుకుని, ఫలితాల కోసం వెళ్ళారు. షాపు నుంచి ఫోనొస్తే ఆయన వరండాలో మాట్లాడి లోపలికొచ్చాడు. అప్పటిదాకా గుసగుసలాడుకుంటున్న ఇంటావిడా డాక్టరమ్మా టక్కున ఆపేశారు.

"మీ ఇంట్లో కూరగాయలంటే ఆమడ దూరం పారిపోతారటగా? రక్తంలో తెలిసిపోతోంది" అంది డాక్టరమ్మ. "మూడు నెలలు చూస్తాను. అప్పటికీ దారికి రాకపోతే, ఇక బతికినన్నాళ్ళూ మాత్రలే."

ఆయన కంగారుగా కూతురి వంక చూశాడు. అది బల్లమీది పెన్నుల మూతలు మార్చి మార్చి పెడుతోంది.

"ఈ వయసులోనే మాత్రలా డాక్టరుగారూ?"

"ఆ అవసరం రాకూడదనే కదా, మందు బదులు ఇది రాస్తున్నాను" అని చీటీ మీద గీకింది. 'బొమ్మల పుస్తకం. రెండు పూటలా, భోజనంతో. పాప పక్కన కూర్చుని, పైకి చదువుతూ తినాలి.'

ఇంటికి రాగానే ఆ చీటీని ఇంటావిడ ఫ్రిజ్ తలుపుకి అంటించింది. పైన అరచేతంత గుమ్మడికాయ అయస్కాంతం పెట్టింది.

ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని బీన్స్ గుటుక్కున మింగాడు. బుడంకాయ కూడా తన చెంచా నోట్లో పెట్టుకుని, "ఛీ, యాక్" అంటూ తల్లి వైపు చూసింది. తల్లి పైకప్పు వైపు చూసింది.

"చూశావా? తిన్నావు! నా బంగారు తల్లి" అని ఆయన పొంగిపోయి రెండో పేజీ తిప్పాడు.

బీన్స్ తర్వాత క్యారెట్, క్యారెట్ తర్వాత పాలకూర, బీట్‌రూట్. ఒక్క పూట తప్పితే ఒట్టు. నెల తిరక్కుండానే పుస్తకం అట్ట ఊడిపోతే, షాపులో జిగురు పెట్టి తనే అతికించాడు. నూనెలో వేయించినవేవీ ఇంట్లోకి తేవడం మానేశాడు, పిల్ల కంట పడతాయని.

ఓ సాయంత్రం బడి దగ్గర టీచరు ఆపింది. "మీ పాప డబ్బా రోజూ తుడిచినట్టు ఖాళీ చేస్తుందండీ. క్యాబేజీ కూడా వదలదు."

ఆయన నవ్వేశాడు. పక్క పిల్లలకి పంచిపెట్టేస్తోందన్నమాట గడుగ్గాయి! ఆ రాత్రి భోజనంలో పుస్తకం మొదటినుంచి రెండోసారి కూడా చదివాడు.

మరోరోజు షాపులో ఒక పెద్దాయన, గోడమీది అక్షరాల అట్టని రెండో వరసనుంచి చదవడం మొదలెట్టాడు.

"పైనుంచండీ బాబాయిగారూ."

"పైది అంత పెద్దగా ఉంటే కనబడదేమిటయ్యా?"

"అదే వచ్చిన చిక్కు. పెద్దదని అందరూ దాన్నే వదిలేస్తారు."

పెద్దాయన మొదటినుంచి చదివి, ఈయన వైపు ఎగాదిగా చూశాడు. "సగానికి సగం తగ్గావేంటయ్యా?"

"పాప గురించి బెంగండీ" అన్నాడాయన, బెల్టు పైకి లాక్కుంటూ. ఆ నెల్లోనే రెండు కొత్త బెజ్జాలు కొట్టించాడు. చెబుతూంటేనే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంత పసిదానికి రోజూ మాత్రలంటే తలుచుకోవడానికే భయమేసింది.

మూడు నెలలూ గడిచాయి. మళ్ళీ ముగ్గురూ రక్తమిచ్చారు. సూది చూసి ఆయన ముఖం తిప్పుకుంటే, బుడంకాయే ఆయన చెయ్యి పట్టుకుంది.

మర్నాడు డాక్టరమ్మ కాగితాలు తిరగేస్తున్నంతసేపూ ఆయన కూతురి చెయ్యి వదల్లేదు.

"భేష్" అందావిడ చివరికి. "అన్నీ దారికొచ్చాయి. మాత్రలు అక్కర్లేదు."

ఆయన లేచి రెండు చేతులూ జోడించాడు. "నా కూతుర్ని కాపాడారు తల్లీ!"

డాక్టరమ్మ ఇంటావిడ వైపు చూసింది. ఇంటావిడ పైకప్పు వైపు చూసింది. బుడంకాయ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కిసుక్కుమంది.

"ఆ పాత చీటీ ఉందా?" అంది డాక్టరమ్మ.

ఇంటావిడ సంచిలోంచి తీసి భర్త చేతికిచ్చింది, గుమ్మడికాయ లేకుండా.

"ఒక్కసారి చదవండి. పైనుంచి."

ఆయన కళ్ళజోడు సర్దుకుని, మొదటి వరస చదివాడు.

పేషెంటు వయసు: నలభై రెండు.