అక్సా కంటే ముందే

పొదలోంచి మనిషి లేచేసరికి అక్సా గుండె ఝల్లుమంది.

అప్పుడప్పుడే తెలవారుతోంది. బూర్గంపాడు దాటి అడవిలోకి పోయే బండ్ల బాట మీద ఆమె ఒక్కతే పరుగెత్తుతోంది.

ఆ మనిషి చేతిలో ఎండు వెదురుకర్ర. భుజాన చుట్టగా చుట్టిన ఇనుప తీగ. పలకరించలేదు, నవ్వలేదు. ఆమె కాళ్ల వంకే చూస్తూ నిలబడ్డాడు.

అక్సా వెనుదిరిగి ఇల్లు చేరేదాకా ఆగలేదు. ఆ పరుగేదో పోటీలో తీసి ఉంటే మెడల్ వచ్చేదే.

"ఏమైందే, గట్ల చెమటలు కారుతున్నయ్?" అన్నాడు భర్త జస్టిన్.

"ఉరికొస్తే చెమటలు కారక పన్నీరు కారుతదా?" అంది.

అసలు సంగతి చెబితే ఆ పూటతోనే పరుగు బంద్. ఆమె హైదరాబాద్‌లో మారథాన్‌కు పేరిచ్చింది. నలభై రెండు కిలోమీటర్లు. బడిలో పీఈటీ టీచరుగా పిల్లల్ని ఎండలో పరుగెత్తించి, తాను నీడలో నిలబడి విజిల్ ఊదడమే ఇన్నాళ్లూ చేసిన పని. "టీచర్, మీరెప్పుడన్న ఉరికిన్రా?" అని ఓ పిల్ల అడిగిన మాట ముల్లులా దిగింది. ఈ ఒక్కసారైనా పరుగెత్తి తీరాలని పట్టుబట్టింది. మెయిన్‌రోడ్డు నిండా లారీలే. మిగిలింది ఈ బాటొక్కటే.

మర్నాడూ ఉన్నాడతను. ఆ మర్నాడూ ఉన్నాడు. ఎంత పెందలాడే వెళ్లినా ఆమె కంటే ముందే వచ్చి, బాట పక్కన వంగి ఏదో వెతుకుతుంటాడు. అలికిడైతే తీగను వీపు వెనక దాస్తాడు.

అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు. అక్సా నడుముకు కట్టుకునే సంచిలో సెల్‌ఫోన్ పక్కన కారప్పొడి పొట్లం చేరింది.

ఓ పొద్దున అతను చేతులు చాపి బాటకు అడ్డంగా నిలబడ్డాడు.

"ఇయ్యాల రాకమ్మా. ఎనక్కి పో."

"ఎందుకు పోవాలె? ఈ బాట నీ జాగీరా?"

"గది చెప్పేది కాదు. రేపు రాపో."

చెప్పేది కాదంటే, చెప్పకూడని పనేదో చేస్తున్నాడనే కదా! అక్సా తిన్నగా ఫారెస్టు బీట్ ఆఫీసర్ వీరన్న దగ్గరికి వెళ్లింది.

"తీగ పట్టుకొని తిరుగుతుండా? ఇంకేముంది మేడం, అడవిపందులకు కరెంటు పెట్టేటోడే," అన్నాడు వీరన్న. "పొలాల మోటారు లైనుకు కొక్కెమేసి, బాటల పొంటి తీగ గుంజుతరు. గిసొంటోళ్ల కోసమే చూస్తున్నం."

తెల్లారి అక్సా చూపిన చోట వీరన్న మనుషులు పొదల్లో కాపుకాసి, అతన్ని తీగతో సహా పట్టుకున్నారు. పేరు పగిడయ్య అన్నాడు. ఆ తర్వాత దొంగకు తేలు కుట్టినట్టు నోరు మెదపలేదు.

"ఈ తీగ నీదేనా?"

పగిడయ్య తీగ వంకే చూశాడు.

"నీది కాకుంటె ఎవరిదో చెప్పు."

తల దించుకున్నాడు.

జీపు ఎక్కించేటప్పుడు మాత్రం అక్సా వైపు తిరిగాడు.

"అమ్మా, ఇగ ఈ బాటల ఉరకకు."

"చూసిన్రా సార్, మీ ముంగటనే బెదిరిస్తుండు!"

వీరన్న అతని మెడ పట్టి జీపులోకి తోశాడు. పీడ విరగడైందనుకుంది అక్సా.

మర్నాడు బాటంతా తనదే. ఒళ్లు తేలికైంది. ఇన్నాళ్లకు భయం లేకుండా పరుగెత్తుతోంది.

ముందు ఓ ఆవు నడుస్తోంది. దాన్ని దాటిపోదామని పక్కకు జరిగేంతలో, ఆవు గిలగిలా కొట్టుకుని కుప్పకూలింది. కాలిన వెంట్రుకల వాసన వచ్చింది. ఆవు కాళ్ల దగ్గర గడ్డిలో సన్నటి తీగ కనిపించింది.

"కదలకు బిడ్డా! ఆడ్నే ఉండు!" ఇప్పపూలు ఏరుకుంటున్న జంపక్క గంప పడేసి అరిచింది.

ఊళ్లోకి ఫోన్ చేసి లైను ఆపించేదాకా అక్సా అడుగు వెయ్యలేదు.

"ఇన్ని దినాలు ఈ బాటల ఉరికిన జంపక్కా. ఒక్కనాడు తీగ లేదు."

"లేకేంది బిడ్డా? ఊరోళ్లు రోజూ పెడతనే ఉన్నరు. నువ్వొచ్చేసరికి పగిడయ్య కర్రతోటి కొక్కెం ఇడిపించి, తీగంత చుట్టుకపోతుండె. నీ పానం పోతదిరా అని నేనంటె ఇనలె. ఒక్కనాడు కొక్కెం అందలేదట, గా నాడే నిన్ను ఎనక్కి పంపిండు."

ఆ మనిషిప్పుడు జైల్లో ఉన్నాడు. పంపింది తనే.

"మరి ఆఫీసరు అడిగితే గీ ముచ్చట చెప్పొచ్చు గదా!"

"ఏ మొకం పెట్టుకొని చెప్తడు?" జంపక్క కొంగుతో కళ్లొత్తుకుంది. "ఆయనకొక్కతే బిడ్డ. నీ లెక్కనే ఉరుకుతుండె, పోలీసు నౌకరీ కోసం. పోయినేడు ఈడ్నే తీగ తగిలి పోయింది. పాము కరిసిందని చెప్పి ఊరంత కలిసి మట్టి చేసిన్రు."

అక్సాకు దుఃఖం, కోపం రెండూ ముంచుకొచ్చాయి.

"కన్నబిడ్డను సంపినోడి పేరు దాస్తడా? పోయినేడు ఆ తీగ ఎవరు పెట్టిన్రు?"

జంపక్క నేలచూపులు చూసింది.

"ఇంకెవరు బిడ్డా, పగిడయ్యే."