బూడిద ముఖాల కాపలా

చెరువు నీళ్ల కోసం జింకలూ దుప్పులూ కుమ్ములాడుకుంటుంటే, తగువు ఆపడానికి కొండవతల నుంచి కుక్కలొచ్చాయి. ముఖం నిండా బూడిద పూసుకోవడం వాటి శాంతి గుర్తు. బూడిద చూస్తే నమ్మేయడం మనకూ ఉన్న అలవాటే లెండి. ఇంతలో ఓ జింకపిల్ల మాయమైంది.

"మీవాడే ఎత్తుకుపోయాడు దొరా," అంది తల్లి.

"వాణ్ణి ఇంటికి పంపేశాం తల్లీ. మా నియమం అంతే," అన్నాడు కుక్కల పెద్ద.

మర్నాడు పొగమంచులోంచి కొత్త కాపలాదారు వచ్చాడు. గాలి అటునుంచి వీచింది. తల్లికి తన బిడ్డ వాసన తగిలింది.

"ఒక్కసారి ముఖం కడుక్కో నాయనా."

వాడు కదల్లేదు. వెనక మిగతా కుక్కలూ కదల్లేదు.

ఆ సాయంత్రం జింకలూ దుప్పులూ ఒకే గట్టున చేరి, నీళ్లకు వీపు తిప్పి, కుక్కలనే చూస్తూ నిలబడ్డాయి.

శాంతి కుదిరిందని కుక్కలు కొండవతలికి కబురంపాయి.