తడి ఆరేలోపు

"మాట్లాడకండమ్మా, మధ్యలో చెయ్యి ఆగకూడదు," అన్నాడు చిత్రకారుడు, వెనక్కి తిరక్కుండానే.

అక్క నోరు మూసుకుంది. పక్క కుర్చీలో తొమ్మిదేళ్ళ చెల్లి బిగుసుకుని కూర్చుంది. అమ్మ చెరువులో మునిగిపోయినప్పుడు ఒడ్డున ఉన్నది ఇదొక్కతే. ఆ రోజు మూసిన నోరు ఏడాదైనా విప్పలేదు. డాక్టర్లయ్యారు, మందులయ్యాయి. ఈయన కొండలూ నీళ్ళూ గీస్తుంటే చూస్తే చాలు, మనసు కుదుటపడుతుందని ఎవరో చెప్పారు. ఇది మూడోసారి రావడం. ఈసారీ పలక్కపోతే దూరంగా ఏదో ప్రత్యేక హాస్టల్లో వేసేస్తానని నాన్న తెగేసి చెప్పాడు.

"ఒకప్పుడు నేనూ బోర్డులు రాసుకునేవాణ్ణే," అన్నాడాయన. "ఒక్క నీళ్ళ బొమ్మ నన్ను మార్చేసింది."

తడి కాగితం మీద రంగులు వాటంతటవే పాకుతున్నాయి. పక్కకి ఒరిగిన చెట్టు వచ్చింది. విరిగిన మూడో మెట్టు వచ్చింది.

అక్క బొమ్మ మీదకి వంగింది. "అమ్మో, ఇది మా చెరువే! మీరెప్పుడైనా వెళ్ళారా అక్కడికి?"

"లేదండీ. ఎదుటివాళ్ళ బాధ ఎక్కడుందో కుంచెకే తెలిసిపోతుంది."

"మేమెప్పుడూ మెట్ల మీంచే చూస్తాం. మీరు అవతలి ఒడ్డు నుంచి వేశారే!"

ఆయన నవ్వి కుంచెని మళ్ళీ రంగులో ముంచాడు. అక్క లేచి నిలబడింది. ఎంత శక్తి లేకపోతే ఇలా కుదురుతుంది! దండం పెట్టబోతే మోచెయ్యి తగిలి గాజుగ్లాసు కిందపడి భళ్ళుమంది. ముక్కలు ఏరబోతే వేలు తెగింది.

"అమ్మా!" అని అరిచింది. రక్తం బొటబొటా కారుతోంది. "కాస్త గుడ్డ ఇవ్వండి సార్!"

"ఒక్క నిమిషం. తడి ఆరితే నీళ్ళ మీద మరక పడిపోతుంది."

తల కూడా తిప్పలేదు మహానుభావుడు. చెల్లి మాత్రం బొమ్మని చూడడం లేదు, ఆగకుండా కదులుతున్న ఆయన చేతినే చూస్తోంది. మెల్లగా లేచొచ్చి అక్క భుజం పట్టుకుంది.

"అక్కా."

ఏడాది తర్వాత! అక్క వేలు సంగతే మరిచిపోయింది. గాజుపెంకుల మధ్యే కూలబడి చెల్లిని వాటేసుకుని ఏడ్చేసింది.

"నా బంగారు తల్లీ, ఇంకోసారి పిలవ్వే! సార్, మీరు మనిషి కాదు, దేవుడు!"

చెల్లి అక్క చెవి దగ్గర నోరు పెట్టింది.

"ఆ రోజు అమ్మ ఎంత అరిచినా, ఈయన బొమ్మ ఆపలేదు."